మగ్గం నూనె పూసిన కప్పు

సోమవారం, మగ్గాలు మళ్లీ తెరిచిన వారం

లాక్‌డౌన్‌లో ఆగిన పక్క షెడ్డు మగ్గాల అదురు మళ్లీ మొదలైంది. నిన్న మనుమరాలు పడుకునే చోటే కప్పు పెచ్చు ఊడిపడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయి. పిల్ల ఆ సమయానికి వాకిట్లో ఉంది. లేకపోతే...

మగ్గం నడిపే మా కొడుకు సదయ్య తుప్పు ఆగుతుందని ఆ చువ్వలకు మగ్గం నూనె పూశాడు. ఈరోజు వచ్చిన మేస్త్రీ వేలితో తాకి నవ్వాడు.

"గిది మగ్గమా, అవ్వా? నూనె మీద సిమెంటు పట్టదు. నూనె కడగాలె, తుప్పు గీకాలె, జింకు పెయింటు ఎయ్యాలె. అటెన్కనే సిమెంటు."

ఇంటి సేఠు మాస్కు గడ్డం కిందికి లాగి, అవన్నీ వద్దు, పైపైన ప్లాస్టర్ కొట్టేయమన్నాడు.

నేను మంచం ఆ బొక్క కిందికి లాక్కుని కూర్చున్నాను.

"తుప్పు గీకిస్త అనేదాంక లేవ, సేఠ్. పడితే నా నెత్తి మీదనే పడనియ్."

"జిద్దీ బుడ్ఢీ", మొండి ముసలిదని గొణుక్కుంటూ సేఠు పెయింటుకు మనిషిని పంపాడు.

మేస్త్రీ నూనె కడిగి, తుప్పు గీకిన చువ్వల మీద ఇప్పుడు బూడిద రంగు పెయింటు ఆరుతోంది. పిల్ల ఆ బొక్కకు దూరంగా నా పక్కన పడుకుంది. వంటింటి కప్పుకూ ఒక తుప్పు మరక కనబడింది. పొద్దున మంచం అక్కడికి లాగుతాను.