డాట్ షూస్ అని ఒకటుంటదని

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

పొద్దున నాచారంలో నీ చెప్పుల దుకాణం ఖాళీ చేస్తుంటే, అంబర్‌పేట్ నుంచి ఒకామె కూతురిని తీసుకుని వచ్చింది. పిల్లకు ఒక కాలు పొట్టి. అలాంటి వాళ్లకు నువ్వు బూట్లు కుడతావని ఎవరో చెప్పారట. దుకాణం పేరు పక్కన డాట్ కామ్ పెట్టి నెట్‌లో చాలాసార్లు వెతికిందట.

"ఏం రాకపాయె అక్కా. డాట్ షూస్ అని ఒకటుంటదని నిన్ననే తెలిసింది. అన్న ఉన్నడా?" అని అడిగింది.

నువ్వు వెబ్‌సైట్ పెట్టేనాటికే ఆ డాట్ కామ్‌ను ఎవరో కొనిపెట్టుకున్నారు. డాట్ కామ్ బదులు చివర డాట్ షూస్ అని ఉండే అడ్రసే నీకు దొరికింది. నువ్వేమీ బాధపడలేదు. "డాట్ షూసే మంచిగుంది చెల్లె. మనం ఏం జేస్తమో పేర్లనే ఉంది" అన్నావు. అలాంటి పేరు ఎవరికీ గుర్తుండదని నేనంటే నవ్వేశావు.

నువ్వు లేవని ఆమెకు చెప్పాను. పిల్ల అప్పటికే కొలత ఇవ్వడానికి చెప్పు విప్పి నిలబడింది.

"ఇంకెవరన్న కుడ్తరా అక్కా?"

ఉప్పల్ దాకా తెలిసినవాళ్లందరినీ గుర్తు చేసుకున్నాను. ఎవరూ లేరు. తల్లి వంగి పిల్లకు చెప్పు తొడిగింది.

వాళ్లు వెళ్లాక ఆ వెబ్‌సైట్ తీయించేశాను. అందులో నువ్వు పని చేస్తున్న ఫోటో ఉందని ఇన్నాళ్లూ ఉంచాను. కానీ అది చూసి ఇంకెవరైనా ఆశతో వస్తే, నువ్వు లేవని మళ్లీ చెప్పడం నావల్ల కాదు అన్నా.

నీ చెల్లి