దుప్పటికి అటూ ఇటూ

గురవయ్యన్నా,

ప్రొద్దుటూరు టాకీసులో ఇరవై ఏండ్లు బొమ్మేసినోడివి, దీనికి నువ్వే జవాబు చెప్పాల.

ఈడ గల్ఫులో, మలాజ్‌లో మా రూము వంటగదిలో పొయ్యి కాడ మాకూ పాకిస్తానోళ్లకూ కొట్లాట అయిందని చెప్పినా కదా. అప్పట్నుంచి రూము నడుమ తెల్ల దుప్పటి కట్టుకున్నాం. మొన్న శుక్రవారం వాళ్లు ఆ దుప్పటి మీదే ప్రొజెక్టరుతో సినిమా ఏసినారు. బొమ్మ మా పక్కకు కూడా కనపడింది.

ఆ సినిమాలో అల్లర్లు అయిపోయినాక ఒళ్లంతా కట్లు కట్టినోడు ఒకడు ఆస్పత్రిలో ఉంటాడు. తెల్లోళ్లు మావోడంటారు, నల్లోళ్లు మావోడంటారు. వాడు చస్తే ఊరేగించాలని రెండు గుంపులూ పూలదండలతో కాసుకోనుంటాయి. ఆఖరికి వాడు లేచి కిటికీ దూకి పారిపోయినాడు. నవ్వలేక చచ్చినానన్నా. నా పక్కటెముక విరగ్గొట్టిన పఠాను షేర్‌జమాన్ కూడా అవతల పడీపడీ నవ్వినాడు.

"ఎటు పారిపోయినాడు?" అని దుప్పటి అవతల నుంచి అడిగినాడు. ఎడమకని నేనంటి. కాదు, కుడికని వాడు. మళ్లీ గొంతులు లేసినాయి. మా పక్కోడు నబీ రసూల్‌కు ఒళ్లు మండి దుప్పటి లాగి పారేసినాడు. చూస్తే ఇద్దరం ఎదురెదురుగా చేతులు చాపి నిలబడుండాం. రెండు చేతులూ వంటగది దిక్కే ఉండాయి.

ఇదెట్లయిందో తొందరగా రాయన్నా. షేర్‌జమాన్ కూడా రోజూ వచ్చి అడిగిపోతాండాడు.