జీపులో మంచం కొలత

ఆదివారం, శామీర్‌పేట

పాత జీపులో ఈరోజు మంచం బిగించారు. తుప్పు గీకి, ఇంజను దించి ఎక్కించి, వెనక సీట్లు పీకేసి ఆరు నెలలుగా ఇల్లులా మార్చుకుంటున్న బండి. అందులో కాళ్లు చాపుకుని పడుకున్నాను. సంతోషంగా ఉండాల్సిన రోజు. ఉండలేకపోతున్నాను.

సాయంత్రం లలిత వచ్చి మంచం అంచున కూర్చుంది. చేత్తో వెడల్పు తడిమి చూసింది.

"మంచిగున్నది. నీకు సరిపోతది," అంది.

అప్పుడు గానీ నాకు కనబడలేదు. అది ఒక్క మనిషి మంచం. ఆలుమగలం ఇద్దరం లడఖ్ పోతున్నామని ఊరంతా చెప్పుకుని తిరిగింది నేనే!

వెల్డర్ యాదగిరికి టేపు మీద నమ్మకం లేదు. మొన్న తూంకుంటలో తన షాపు నేల మీదే, "అన్నా, నువ్వు పండు, సుట్టు గీత గీస్త," అని పడుకోబెట్టాడు. ఆ సుద్దగీతే కొలత. పక్కన నీళ్ల ట్యాంకుకు చోటు మిగలాలని నేనే చేతులు దగ్గరికి ముడుచుకున్నాను. ట్యాంకు గుర్తుంది నాకు.

ఇందాక యాదగిరి ఫోన్ చేశాడు. "పొద్దుగాల ట్యాంకు అతికిస్తున్న అన్నా. ఇగ మల్ల మార్చరాదు, సూస్కో." ఆలోచించి చెబుతానన్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అయినా వద్దనలేదు.

ఇంట్లో, నా పక్కన లలిత అటు తిరిగి పడుకుంది. మొన్న షాపులోనే ఎందుకు చెప్పలేదని అడగాలని ఉంది. నా చుట్టూ గీత గీస్తుంటే ఆమె పక్కనే నిలబడి ఉంది. యాదగిరికి సుద్దముక్క అందించింది కూడా తనే.