పాత కారు, కొత్త కారు, ఎడమవైపు సీటు

ఇన్నాళ్ళూ నోటితో చెప్పలేకపోయాను కాబట్టి ఈరోజు కలం పట్టుకున్నాను. వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదింటికి నాకు గుండె ఆపరేషన్. అదే సోమవారం, అదే ఎనిమిదింటికి, మా ఆయన, నేను పక్కన లేకుండా, మా మనవరాలిని కొత్త కారులో బడికి తీసుకెళ్ళడం మొదలుపెడతారు. పిల్లని దింపాకే ఆసుపత్రికి వస్తారట. మొదటిదాన్ని దేవుడి చేతిలో పెట్టాను, దాని గురించి నాకు భయం లేదు. రెండోదాన్ని కూడా దేవుడి మీదే వదిలేసి ఊరుకోవడం తప్పని చాలా రోజుల ప్రార్థన తర్వాత అర్థమైంది.

యాభై ఏళ్ళ వయసూ, హైస్కూలు చదువూ, కారు సీటు కవర్లు కుట్టడంలో ఇరవై రెండేళ్ళ అనుభవమూ ఉన్న నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, మత్తుమందు ఇంకా ఒంట్లోకి ఎక్కకముందే, నా చేతులతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. ఈ కాగితాలను అమలు చేసే బాధ్యత నా ఆడపడుచుకి, అంటే మా ఆయన చెల్లెలు, లెక్కల టీచరుకి అప్పగిస్తున్నాను. అమ్మాయ్, రెండేళ్ళుగా మనం ముక్తసరిగానే మాట్లాడుకుంటున్నాం. అయినా నిన్నే ఎంచుకున్నాను. ఈ లోకంలో మీ అన్నయ్య నోరు మూసుకుని వినేది నీ ఒక్కదాని మాటే. నాకు కష్టంగా ఉన్నా అది నిజం.

వీలునామాని మనిషి పోయాకే తెరుస్తారని దస్తావేజులు రాసే ఆయన చెప్పారు. దీన్ని మాత్రం నువ్వు శుక్రవారమే తెరవాలి. కింద నాలుగు, ఐదు, ఆరు అంశాలు నేను బతికుండగానే, సోమవారంలోపే జరగాలి. అలాంటివి వీలునామాలో చెల్లవని ఆయన అన్నారు. చెల్లకపోతే ఆ మూడింటినీ ఉత్తరం అనుకో.

2. నా రెండు బంగారు గాజులూ, బీరువాలో నా పేరున్న కాగితాలూ మా అమ్మాయికి. నా ప్రార్థన పుస్తకం మనవరాలికి. దానికి ఆరేళ్ళు, ఇంకా చదవలేదు. అట్ట మాత్రం చింపకుండా చూడండి, అది నేను కుట్టిన తోలు అట్ట. షాపులో నేను వాడే కత్తెర, నా పక్క మిషను మీద కూర్చునే ఆవిడకి. ఆవిడ దాన్ని అడక్కుండా తీసుకున్నప్పుడల్లా నేను మొహం ముడుచుకున్నాను. ఇక ముడుచుకునేవాళ్ళుండరు.

3. పదకొండేళ్ళ కింద వానలో నా ఆడపడుచు పట్టుకెళ్ళిన నల్ల గొడుగుని ఇందుమూలంగా ఆమెకే ఇచ్చేస్తున్నాను. తిరిగివ్వనక్కర్లేదు.

4. మా ఎర్ర కారు. తొమ్మిదేళ్ళ కిందిది. షోరూమువాళ్ళకి మా షాపు కవర్లు కుడుతుంది కాబట్టి, తగ్గింపు కోసం నా పేరు మీద కొన్నాం. ఇప్పుడు అదే కారు కొత్త రూపంలో వచ్చింది. మా ఆయన దాన్ని కూడా నా పేరు మీదే బుక్ చేశారు. శనివారం ఇస్తారు, పాతదాన్ని అక్కడే తీసుకుంటారు.

మా ఆయన వ్యాయామం మాస్టారుగా చేసి, మోకాలు పాడై ముందుగానే మానేశారు. పెళ్ళికి ముందు కొండ రోడ్డు మీద జరిగే కారు పందేల్లో రెండుసార్లు గెలిచారు. వీధిలో అందరికీ ఆయన స్పీడు మాస్టారు. నెల రోజులుగా మా ఫ్రిజ్ తలుపు మీద ఆయన రాసిన కాగితం అంటించి ఉంది. ఒక వరుస పాత కారుకి, ఒక వరుస కొత్తదానికి, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని. వేగం, మలుపు, అందం, సీటు, శబ్దం. అన్నిట్లోనూ కొత్తదే ఫస్టు. పాలు తీసిన ప్రతిసారీ అది చదివాను. ఆ మార్కులన్నీ కుడివైపు సీట్లోంచి వేసినవి. నేను తొమ్మిదేళ్ళు ఎడమవైపు కూర్చున్నాను. నా మార్కులు ఇక్కడ రాస్తున్నాను.

కొత్త కారు అందంగా ఉంది. ముందుకన్నా వెడల్పు, రెండు వేళ్ళు కిందికి. నా పని ప్రకారం చెప్పాలంటే సీట్లు కూడా మంచివే. పక్కలు ఎత్తుగా ఉండి మనిషిని మలుపులో జారనివ్వవు, జంట కుట్టు ఎక్కడా వంకర పోలేదు, నేనైనా అంతకన్నా బాగా కుట్టలేను. ముందు బండి అడ్డొస్తే తనంతట తానే ఆగుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను.

పాత కారులో ఇంజను మోత గట్టిగా ఉంటుంది. మా ఆయన దానికి పదికి ఐదు వేశారు. నేను పదికి పది వేస్తాను. మూడేళ్ళుగా నేను వింటున్నది ఆ మోతనే.

మొదటిసారి గోదాముల వెనక రోడ్డు మీద. ఆయన ఏవో పాత పోటీల సంగతి చెబుతున్నారు. మాట మధ్యలో ఆగింది. ఇంజను గొంతు పెరిగింది. తిరిగి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదాలు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి, పిలిస్తే పలకలేదు. ముందు మలుపు. రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకు పట్టుకుని ఒక్క లాగు లాగాను. కారు తోక తిరిగి, గోడకి జానెడు దూరంలో ఆగింది. అప్పుడాయన నా వైపు తిరిగి, "నీకేమన్నా పిచ్చా? బండిని చంపేస్తావా?" అన్నారు. ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, ఆపిన చోటి నుంచే పోటీల సంగతి ఎత్తుకున్నారు. పది లెక్కపెట్టేంతసేపు తాను అక్కడ లేనన్న సంగతి ఆయనకి తెలియదు. ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆరుసార్లు. ఒక్క లాగు లాగకూడదని నేర్చుకున్నాను. బొటనవేలితో బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా ఎత్తాలి, ఎడమచేత్తో స్టీరింగు నిలపాలి. చెయ్యి జారకుండా ఆ లివరుకి లోపల మెత్త పెట్టి తోలు తొడుగు కుట్టాను. ఆయన ముచ్చటపడి స్నేహితులకి చూపించుకున్నారు.

ప్రతిసారీ నేను అబద్ధం చెప్పాను. కుక్క అడ్డొచ్చిందన్నాను, కళ్ళు తిరిగాయన్నాను, భయమేసిందన్నాను. ఇంట్లో నాకు బ్రేకమ్మ అని పేరు పెట్టారు. అల్లుడు కూడా, "అత్తయ్యగారిని ఎక్కించుకుంటే కారుకి వేరే బ్రేకులెందుకు మావయ్యా" అని నవ్వుతాడు. ఒకసారి ధైర్యం చేసి ఆయనకే చెప్పబోయాను. "భయం నీది, రోగం నాదా?" అన్నారు. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. ఆపేశాను.

అమ్మాయ్, రెండేళ్ళ కింద వంటింట్లో నీకూ చెప్పాను. "వదినా, మా అన్నయ్యకి లేని రోగాలు అంటగట్టకు, నీకంత భయమైతే బస్సెక్కు" అన్నావు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయానని ప్రార్థనలో చెప్పుకున్న రోజులున్నాయి, అదీ అబద్ధమే. కానీ నేను బస్సెక్కలేదు. ఎందుకెక్కలేదో ఇప్పుడు నీకు తెలిసింది.

మందుల షాపులో కాంపౌండరుని, వేరేవాళ్ళ సంగతన్నట్టు అడిగాను. ఇది మూర్ఛలో ఒక రకం కావచ్చని, కింద పడి కొట్టుకోకుండా కూడా వస్తుందని, నరాల డాక్టరు చూసి చెప్పాలని, చాలామందికి మాత్రలతో అదుపులో ఉంటుందని అన్నాడు. డాక్టరు సరేననేవరకు బండి తోలకూడదని రెండుసార్లు చెప్పాడు.

పోయిన నెల కొత్త కారు తోలి చూడటానికి వెళ్ళాం. షోరూము కుర్రాడు వెనక కూర్చున్నాడు. వంతెన దిగుతుండగా మా ఆయన మాట ఆగింది. నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. అక్కడ లివరు లేదు. కప్పు పెట్టుకునే గుంట ఉంది. నా వేళ్ళు ఆ గుంటలో ఉన్నాయి, ముందు రోడ్డు ఖాళీగా ఉంది, ఇంజను చప్పుడు వినపడనంత మెత్తగా ఉంది, పెరిగిందో లేదో తెలియడం లేదు. మూడు లెక్కపెట్టాను. ఆయన, "అబ్బ, ఏం పట్టు, ఏం పట్టు" అన్నారు. ఏమీ జరగలేదు, సంతోషంతో మాట రాలేదంతే.

దిగాక ఆ కుర్రాణ్ణి హ్యాండ్‌బ్రేకు ఎక్కడని అడిగాను. స్టీరింగుకి అవతల, డ్రైవరు కుడి మోకాలి దగ్గర చిన్న మీట చూపించాడు. "మీ వైపు నుంచి ఏమీ చెయ్యక్కర్లేదమ్మా, హాయిగా కూర్చోవడమే" అన్నాడు. తోలేవాళ్ళకి ధ్యాస తప్పితే కారుకి తెలుస్తుందా అని అడిగాను. తెలుస్తుందట. కాసేపు ఆగి విశ్రాంతి తీసుకోమని తెరమీద కాఫీ కప్పు బొమ్మ వస్తుందట. మా ఆయన అది విని పగలబడి నవ్వారు.

ఆ మరుసటి వారం, పాత కారులోనే, మనవరాలు వెనక సీట్లో ఉండగా ఏడోసారి వచ్చింది. బడి గేటు ముందు. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. లివరు చివరిదాకా ఎత్తాను. ఆగాం. ఆ సాయంత్రం అన్నం దగ్గర పిల్ల, "తాతయ్య ఇవాళ బొమ్మలా అయిపోయాడు, అమ్మమ్మ మళ్ళీ మామూలుగా చేసింది" అంది. ఆయన బొమ్మలా మొహం పెట్టి చూపించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి దేవుణ్ణి క్షమాపణ అడుగుతున్నాను.

అందుచేత: కొత్త కారు డెలివరీ కాగితం మీద నేను సంతకం చెయ్యలేదు, చెయ్యను. ఆ కాగితాన్ని ఈ వీలునామాకి గుచ్చాను. నా సంతకం లేకుండా కారు ఇవ్వరు. దాన్ని ఫోర్జరీ చెయ్యడానికి మా ఆయనకి చేతులు రావు, ఆయన అలాంటి మనిషి కాదు. ఎర్ర కారు రెండు తాళాలూ ఇందులోనే ఉన్నాయి. అమ్మాయ్, అవి నీ దగ్గరే ఉంచుకో. సోమవారం పొద్దున్న ఏడింటికల్లా మీ అన్నయ్య ఇంట్లో ఉండు. పిల్లని నువ్వో వాళ్ళమ్మో దింపండి. ఆయన తోలడానికి వీల్లేదు. అరుస్తారు, అరవనీ.

నేను పోతే ఎర్ర కారు మా అమ్మాయికి. కొత్త కారులో కుట్టు ఎంత బాగున్నా, పక్కన కూర్చున్నవాళ్ళ చెయ్యి అందే కారు అది కాదు.

5. ఎర్ర కారులో ఎడమవైపు సీటుని మా ఆయనకి ఇస్తున్నాను. ఆ సీటు నాది, ఇవ్వడానికి నాకు హక్కుంది. కిటికీలోంచి రోడ్డు పక్కన చెట్లూ కొట్లూ మనుషులూ కనిపిస్తారు. ముప్ఫై ఏళ్ళుగా స్టీరింగు వెనక నుంచి ఆయన అవేవీ చూడలేదు. డాక్టరు మాత్రలిచ్చి, మళ్ళీ తోలొచ్చని కాగితం మీద రాసిస్తే కుడివైపుకి మారనివ్వండి. నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. అంతవరకు ఆయన సీటు అదే.

6. శుక్రవారం సాయంత్రం నిన్నూ, మా అమ్మాయినీ భోజనానికి పిలిచాను. అందరి ముందూ ఆయనకి నేనే చెప్పాలనుకుంటున్నాను. నా గొంతు లేవకపోతే నువ్వు అందుకో. "వదిన చెప్పింది నిజం" అని ఒక్క మాట అను చాలు. రెండేళ్ళ కిందటి మాటకి అది చెల్లు.

ఈ కాగితాలు నీ దగ్గరే దాచిపెట్టు. నేను తిరిగొచ్చినా, రాకపోయినా ఆయనకి చూపించవద్దు. జబ్బు సంగతి తెలియాలి, ఏడుసార్లు ఏం జరిగిందో డాక్టరుకి చెప్పాలి. కానీ నా పిరికితనం మీద అంత ఇష్టంగా నవ్వుకున్న మనిషి, తాను ఎవరిని చూసి నవ్వాడో ఇలా వరసగా చదువుకుని ఒంటరిగా కూర్చోకూడదు.

పైదంతా నేనే రాసి, చదువుకుని, సరిగ్గా ఉందని కింద సంతకం చేశాను.

గురువారం, 11 జూలై 2024
(సంతకం)
స్పీడు మాస్టారి భార్య, సీటు కవర్లు కుట్టే ఆవిడ

సాక్షులు (లోపల ఏముందో వీళ్ళకి చదివి వినిపించలేదు, నేను సంతకం చెయ్యడం మాత్రం ఇద్దరూ కళ్ళారా చూశారు):
1. సీటు కవర్ల షాపు యజమాని (సంతకం)
2. ఎదురింటి లైబ్రేరియన్ (సంతకం)