మొహానికి మూత

జూలై 7, సోమవారం. మ. 3.30
ఏడో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. "మొహం చేటంత అవడం: సొంత వాక్యం రాయండి" అని నేనే ఇచ్చాను. నా ఖర్మ! నలభైమందిలో ముప్పైఒక్కమంది ఒకే వాక్యం రాశారు: "లెక్కల సార్ రాగానే తెలుగు టీచర్ మొహం చేటంత అయింది."
తప్పు లేదు. అందరికీ ఫుల్ మార్కులు వేయాల్సి వచ్చింది.
లెక్కల సార్ అంటే రవికాంత్ గారు. జూన్‌లో చేరారు. ఇక ఆయన ముందు నా మొహానికి మూత! పది రోజులు నవ్వు బంద్. ఒట్టు!

సా. 6.00
అసలు ఈ మాట ఎలా పుట్టిందని నానమ్మ అప్పయమ్మని అడిగాను. "సేట ఎడల్పుగా ఉంటాది కదేటే. మూతుండదు. నూకా, ఊకా ఏదీ దాగదు" అంది. నిజమో, అప్పటికప్పుడు అల్లిందో!

జూలై 8, మంగళవారం
ఉ. 9.10. ఆయన గుడ్ మార్నింగ్ అన్నారు. నేను అటెండెన్స్ రిజిస్టర్ చూశాను. విజయం!!
ఉ. 9.12. అటెండెన్స్‌లో "రవికాంత్" అని పిలిచాను. ఆ పేరు క్లాసులో ఎవరికీ లేదు.

జూలై 9, బుధవారం
జలుబని చెప్పి మాస్కు వేసుకున్నాను. వెంకటదుర్గ లేచి, "టీచర్, మీ కళ్లు నవ్వుతున్నాయండి" అంది. కళ్ల సంగతి నేను ఒట్టులో పెట్టుకోలేదు. నవ్వనీ.

జూలై 10, గురువారం
సార్ చొక్కా మీద టీ ఒలకబోసుకున్నారు. నవ్వాను. అది జాలి నవ్వు, లెక్కలోకి రాదు.

జూలై 11, శుక్రవారం. సా. 4.15
కొంప మునిగింది! స్టాఫ్ రూంలో ఆయనే వచ్చి అడిగారు. "ఏటండీ, నా మీద కోపమా? వారమంతా మొహం తిప్పేసుకుంటున్నారు. నాతవరం స్కూలోళ్లు రమ్మంటున్నారు. నర్సీపట్నంలో ఉండమంటారా, పొమ్మంటారా?"
ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. బుధవారం నుంచి తీయని మాస్కు లాగేశాను.
ఆయన చూశారు. "అయితే ఎల్లనులెండి" అన్నారు. అబ్బ, ఆయన మొహం! చేట కాదు, ధాన్యం కళ్లం!

రాత్రి 7.30
నాన్నకి ఇప్పుడే తెలియకూడదని పళ్లు బిగించి, గంభీరంగా ఇంట్లోకి అడుగు పెట్టాను. నాన్న పేపర్లోంచి ఒక్కసారి తలెత్తారు.
"ఎవలమ్మా ఆ కుర్రోడు?"
చెప్పేశాను. ఆదివారం వాళ్లమ్మగారిని తీసుకురమ్మన్నారు! కాబోయే అత్తగారి ముందు ఇకిలిస్తే ఏం బాగుంటుంది? రేపటి నుంచి మళ్లీ మొహానికి మూత. ఈసారి నిజంగా ఒట్టు!
ఇది రాస్తుండగా నానమ్మ వచ్చి గదిలో లైటు తీసేసింది.
"కరెంటెందుకే, నీ మొగం సాల్దేటి?" అంది.