కార్డు వెనకవైపు

కైరో, అక్టోబర్ 4, ఆదివారం

షాబాన్ హాజీ కంపెనీకి వెళ్లొచ్చాను. లిఫ్టులు బిగిస్తారు, ఆగిపోతే బాగుచేస్తారు. కంపెనీకి కొత్త విజిటింగ్ కార్డు కావాలట. కార్డు కుదిరితే డిజైనర్ సీటు నాకే ఇస్తానన్నాడు. కిటికీ పక్కన టేబుల్ కూడా చూపించాడు. దాని మీద దుమ్ము మేట వేసింది.

మాటల్లో ఉండగానే పది కొట్టింది. అందరూ పనులాపి ఒక టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచారు. ఉడికిన ఫూల్ గింజలు, తఅమియా వడలు, ఉల్లికాడలు, ఊరగాయ. అకౌంట్స్ చూసే మదామ్ వదాద్ నా చేతిలో రొట్టె పెట్టి, కూర్చోవే పిల్లా, నిలబడి తింటే ఒంటికి పట్టదు అంది. నాకు నలభై రెండు. పిల్లా అని పిలిపించుకుని ఎన్నాళ్లయిందో.

విడాకులైనప్పటి నుంచి, అంటే పదకొండేళ్లుగా, కంప్యూటర్‌ని చూస్తూ ఒక్కదాన్నే తింటున్నాను. ఆ రొట్టె ఎంత బాగుందో రాయాలంటే సిగ్గుగా ఉంది. నాకు ఆ సీటు కావాలి. జీతం కోసం కాదు, ఆ న్యూస్‌పేపర్ కోసం.

అక్టోబర్ 6, మంగళవారం

హాజీ ఫోన్‌లో లిస్టు చదివాడు. తన ఫోటో, లిఫ్టు ఫోటో, కాబా బొమ్మ, మూడు ఫోన్ నంబర్లు, రెండు బ్రాంచీలు. బావమరిది పేరు కూడా ఉండాలి, లేకపోతే ఇంట్లో అన్నం పుట్టదట. ఇది కార్డా, పెళ్లిపందిరా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఒక్కటే అడిగాను. లిఫ్టులో ఇరుక్కున్నవాడు ముందు ఏం వెతుకుతాడు హాజీ గారూ, మీ ఫోటోనా, నంబరా? హాజీ పడీపడీ నవ్వాడు. నంబరేలే ఇంజనీరమ్మా, నీకు తోచినట్టు కానియ్ అన్నాడు. ఈ ఊళ్లో మౌస్ పట్టుకున్న ప్రతివాళ్లూ ఇంజనీరే. అయినా వినడానికి బాగుంది.

అక్టోబర్ 9, శుక్రవారం

ఇవాళ నా గొంతు విన్నది నిమ్మకాయలు అమ్మేవాడొక్కడే.

అక్టోబర్ 11, ఆదివారం

డిజైన్ అయిపోయింది. ముదురు నీలం. ముందు అరబిక్, వెనక ఇంగ్లిష్. ఒకటే నంబరు, గుడ్డివాడికి కూడా కనబడేంత పెద్దది. రెండు వైపులా గ్లాసీ లామినేషన్. హాజీ స్క్రీన్ మీద చూసి మాషల్లా అన్నాడు.

బాబ్ అల్ ఖల్క్‌లో ప్రెస్సుకి తీసుకెళ్లాను. జిర్జిస్ మేస్త్రీ కళ్లద్దాలు పైకి తోసుకుని, రెండు వైపులా గ్లాసీయేనా, ఇంకోసారి ఆలోచించుకో తల్లీ అన్నాడు. ముసలాయనకి కొత్తది పడదులే అనుకున్నాను. రెండు వైపులా అని గట్టిగా చెప్పాను.

అక్టోబర్ 14, బుధవారం, సాయంత్రం

కార్డులు ఇచ్చాను. మదామ్ వదాద్ ఒకటి తీసుకుని అందులో చూసుకుంటూ స్కార్ఫ్ సర్దుకుంది. అద్దం కొనక్కర్లేదు, ఇంజనీరమ్మ ఇచ్చేసింది అంది. అంతా నవ్వారు, నేనూ నవ్వాను.

అప్పుడు టీ పెట్టే బయూమీ బాబాయ్ వచ్చాడు. భార్యకి కంటి ఆపరేషన్. డాక్టరు హాజీకి తెలిసినవాడు. హాజీ కొత్త కార్డు తీసి, వెనక్కి తిప్పి, పెన్ను పెట్టాడు. ఇతను మన మనిషి, కాస్త చూడండి అని రాసివ్వాలి. పెన్ను జారింది. ఇంకో పెన్ను తెప్పించాడు. అదీ జారింది. మూడోదానికి సిరా దిగింది, కానీ నీలం మీద నీలం. బొటనవేలు తగలగానే అదీ పోయింది.

హాజీ అరవలేదు. రాయడానికి చోటు లేని కార్డు దేనికమ్మాయ్, పళ్లు కుట్టుకోవడానికా అన్నాడు. అంతా మళ్లీ నవ్వారు. నేను ఇంజనీరమ్మని కాకుండా పోయాను.

మెట్ల దగ్గర మదామ్ వదాద్ మెల్లగా అడిగింది. ఉద్యోగానికి, ఆసుపత్రికి, గ్యాసు కనెక్షన్‌కి, నిన్నెవరూ కార్డు రాసి ఎవరి దగ్గరికీ పంపలేదా అని. లేదన్నాను. నాకు తెలియని ఆచారం కాదు. కైరోలో పుట్టి అది తెలియని వాళ్లుండరు. కానీ అలాంటి కార్డు ఒక్కటీ నా చేతికి రాలేదు. ఒక్కసారి, ఒక్కరైనా నా కోసం రాసి ఉంటే, నేను వెనకవైపు మర్చిపోయేదాన్నా? ఇంటికొచ్చి ఏడ్చాను.

అక్టోబర్ 19, సోమవారం

మళ్లీ చేశాను. అరబిక్, ఇంగ్లిష్ రెండూ ముందువైపే సర్దాను. వెనక ఏమీ లేదు. లామినేషన్ లేని గరుకు తెల్ల కార్డు. జిర్జిస్ మేస్త్రీ దాని మీద తన పేరు రాసి చూసుకుని, ఇదీ కార్డంటే అన్నాడు. ఆ రోజే చెప్పొచ్చుగా అని దెబ్బలాడాను. చెప్పనిచ్చావా అన్నాడు.

అక్టోబర్ 22, గురువారం

మొదటి కార్డు బయూమీ బాబాయ్‌కి రాసిచ్చాడు హాజీ. అక్షరాలు ముత్యాల్లా దిగాయి. కార్డుకి వంకే లేదన్నాడు.

కిటికీ పక్క టేబుల్ దగ్గర ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. దుమ్ము తుడిచేశారు.

హాజీ తల గోక్కున్నాడు. కాదనలేని పెద్దమనిషి ఒకాయన ఆ అమ్మాయికి కార్డు రాసి పంపాడట. ఆయన మాట నేను తీసేస్తే రేపు నా మాట ఎవడు వింటాడు, నువ్వే చెప్పు తల్లీ అన్నాడు. మదామ్ వదాద్ న్యూస్‌పేపర్ పరుస్తూ రమ్మంది. తినే వచ్చానని అబద్ధమాడాను.

వెళ్లబోతుంటే హాజీ ఆపాడు. ఇంకో కార్డు తీసి, తిప్పి, చాలాసేపు రాశాడు. హీలియోపొలిస్‌లో పంపుల కంపెనీ ఉందట, అక్కడ డిజైనర్ సీటు ఖాళీగా ఉందట, యజమాని తన స్నేహితుడట. ఆయనకి నా గురించి ఇలా రాశాడు:

'రావ్యా మా ఇంటి ఆడపడుచు. పని తెలిసిన మనిషి. నన్ను చూసినట్టే చూడండి.'

కోపం రావాలి. వచ్చింది. అయినా మెట్రోలో మా షుబ్రా స్టేషన్ వచ్చేదాకా ఆ కార్డే చదువుతూ ఉన్నాను.

అక్టోబర్ 25, ఆదివారం

పంపుల కంపెనీకి వెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి చెయ్యి చాపింది. కార్డు లోపలికి పంపాలి, సార్ దగ్గరే ఉంచేసుకుంటారు అంది. వెనక్కి ఇవ్వరా అని అడిగాను. దాంతో మీకేం పని అంది.

తేవడం మర్చిపోయానన్నాను. అయితే తీసుకునే రండి, అది లేకుండా సార్ ఎవర్నీ చూడరు అంది. కార్డు బ్యాగులోనే ఉంది.

అక్టోబర్ 29, గురువారం

హాజీ ఫోన్ చేశాడు. ఆ సీటు ఇంకా ఖాళీగానే ఉందట. కార్డు ఇచ్చావా తల్లీ అన్నాడు. ఇచ్చేశానన్నాను. కార్డు నా కంప్యూటర్‌కి ఆనించి ఉంది, రాసిన వైపు నాకు కనబడేలా.