కోళ్ల గూడు కింద మందుబిళ్ల

అమ్మాయీ, నేను బాగానే ఉన్నాను.

మీ అమ్మ పోయిన రోజు ఉదయం కూడా కోళ్లకు గింజలు తనే వేసింది. సాయంత్రం మిగిలినవి ఎత్తి డబ్బాలో పోసేది కూడా తనే. ఆ సాయంత్రం నుంచి వాటిని ఎవరూ ఎత్తలేదు, నాకు తోచలేదు. ఎలుకలు మరిగి గూడు కింద బొరియలు చేశాయి.

నిన్న పక్కింటి మేస్త్రి, "మీరిలా చూస్తూ కూర్చుంటే అవి మీ మంచం కూడా మోసుకుపోతాయి మాస్టారూ!" అంటూ నాకు చెప్పకుండానే ఎలుకల మందుబిళ్లలు పెట్టాడు. ఈ రోజు చూసి అన్నీ ఏరేశాను. అతను చెప్పిన లెక్కలో ఒకటి మాత్రం లేదు. ఎలుక ఎటు ఈడ్చుకుపోయిందో తెలియదు. అది గులాబీరంగులో అచ్చం మిఠాయిలా ఉంటుంది. పాపకు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు.

ఈ ఆదివారం రావద్దు. నేను రాసేదాకా ఆగు. గుడ్లు కూడా పారేస్తున్నాను. పాప దగ్గు తగ్గిందా? గింజల డబ్బా మూత అమ్మ ఎక్కడ పెట్టేదో గుర్తుంటే రాయి.

అల్లుడిగారిని అడిగానని చెప్పు. పాపకు ముద్దులు. రేపు పొద్దున్నే కోళ్లను గంప కింద మూసి, గూడు పక్కకు జరిపి, ఆ బిళ్ల దొరికేదాకా బొరియలన్నీ తవ్వుతాను.

నాన్న